దున్నదూడ వాటా పాలు

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. ఊళ్లో అమ్మానాన్నలకు మూడు గేదెలు. నెల క్రితం ఈనిన గేదెకు దున్నదూడ పుట్టింది. నాన్నగారు దానికి పాలు సరిగా వదలడం లేదు, డొక్కలు లోపలికి పోయాయి, అడిగితే "ఊరంతా చేసేదే" అంటున్నారు. దూడ పోతే గేదె చేపదు, అంటే పొదుగులోకి పాలు దిగనివ్వదు కదా అంటే, దానికి సూదిమందు ఉందని ఎవరో సలహా ఇచ్చారు. ఇది హింసేనా, చట్టం ఏమంటుంది, వట్టిపోయిన ముసలి గేదెను గోశాలకు పంపితే బాధ్యత తీరిపోతుందా, అసలు మీరు పాలు తాగడమే మానేయాలా అని అడిగారు. ఉద్యోగమంతా పల్లె పశువైద్యశాలల్లోనే గడిపినవాణ్ణి. నాకు తెలిసినదీ, నేను నమ్మేదీ చెబుతాను.

అవును, అది హింసే. కర్రతో కొట్టడం కంటే పెద్ద హింస. దెబ్బ కాసేపటికి తగ్గుతుంది. ఆకలి రాత్రీ పగలూ ఉంటుంది.

పాలు చాలని దూడను ఈసారి ఊరు వెళ్లినప్పుడు దగ్గర కూర్చుని చూడండి. వెంట్రుకలు నిగారింపు పోయి నిక్కబొడుచుకుని ఉంటాయి. మెడ దగ్గర తోలు పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోదు. గోడకున్న సున్నం నాకుతుంది, మట్టి తింటుంది, కట్టిన పలుపునే నములుతుంది. మట్టి తింటోందని మూతికి చిక్కం కడతారు. తల్లి నాలుగడుగుల దూరంలో నిండు పొదుగుతో నిలబడి ఉంటుంది. రెండు పూటలా దూడను తీసుకొచ్చి చన్ను నోట పెడతారు. అది పొదుగును కుమ్మి కుమ్మి తల్లిని చేపిస్తుంది. పాలు దిగడం మొదలవగానే మూతి పట్టి లాగి గుంజకు కట్టేస్తారు. పాలు దించే పని దూడది, పాలు మాత్రం బిందెలోకి. చివర్లో పిండగా మిగిలిన చుక్కలకు వదిలి "తాగింది కదా" అంటారు.

పశువు పట్ల మనకు బాధ్యత ఎక్కడ మొదలవుతుందన్నదే మీ ప్రశ్నలన్నిటికీ మూలం. నా దృష్టిలో అది పలుపు దగ్గర మొదలవుతుంది. అడవిలో లేడిపిల్ల ఆకలితో చనిపోతే అది మన తప్పు కాదు. మీ కొట్టంలో దూడ సంగతి అలా కాదు. అది పుట్టాలని కోరుకున్నది మీవాళ్లు. గేదె ఎదకు వచ్చిందని ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిపించి చూలు సూది వేయించారు. పది నెలల పైచిలుకు, అంటే దాదాపు 310 రోజులు, ఈత కోసం ఎదురుచూశారు. ఈనకపోతే పాలు లేవు కాబట్టే అదంతా చేశారు. పుట్టిన దాన్ని తల్లి దగ్గరకు కూడా వెళ్లనివ్వకుండా కట్టేశాక, దాని కడుపు నింపే బాధ్యత కట్టినవారిది కాక మరెవరిది? పశువును ప్రేమించాలా, పూజించాలా, దానికి హక్కులు ఉన్నాయా అనే చర్చలు తరువాత చేసుకోవచ్చు. తన తిండి తాను వెతుక్కునే వీలు లేకుండా చేసినవారు దానికి తిండి పెట్టి తీరాలి. దీనికి ఏ మతమూ, ఏ సిద్ధాంతమూ అడ్డు చెప్పదు.

అలాగని నాన్నగారిని కసాయిగా చూడకండి. గేదెకు జ్వరమొస్తే రాత్రంతా లాంతరు పట్టుకుని పక్కన కూర్చునే రైతే దున్నదూడను ఎండబెట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. దీనికి కారణం మనిషి గుణం కంటే మారిపోయిన సేద్యంలో ఎక్కువ ఉంది. డెల్టా ఊళ్లలో వరిచేలు దమ్ము చేయడానికీ, బండి లాగడానికీ దున్నపోతులు కావాల్సి వచ్చేవి. దున్నదూడ పుడితే రెండు మూడేళ్లలో పనికి వస్తుందన్న లెక్క ఉండేది. ట్రాక్టర్లు వచ్చాక ఆ లెక్క చెరిగిపోయింది. పాడి మాత్రం పెరిగింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గేదెజాతి పశువులు దాదాపు 11 కోట్లు. ప్రతి ఈతలో దున్నదూడ పుట్టే అవకాశం సగం. అయినా ఊళ్లో ఎదిగిన దున్నలు ఎన్ని కనిపిస్తున్నాయో చూడండి. కొన్ని సంతలకు పోతాయి. మిగిలినవాటిలో చాలా దూడలు మూడు నెలలు నిండకుండానే పోతాయి. "దూడ పోయింది" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. పోయిందో, పోనిచ్చామో ఎవరూ అడగరు.

ఇప్పుడు నాన్నగారితో మాట్లాడాల్సిన లెక్క. పాపపుణ్యాల కంటే ఇది ఆయనకు బాగా ఎక్కుతుంది. సగటున రోజుకు 6 లీటర్లు ఇచ్చే గేదె 300 రోజుల పాడిలో 1800 లీటర్లు ఇస్తుంది. దూడకు మొదటి నెల రోజుకు దాని బరువులో పదో వంతు, అంటే దాదాపు 3 లీటర్లు కావాలి. రెండో నెలలో 2 లీటర్లు, మూడో నెలలో 1 లీటరు చాలు, ఎందుకంటే మూడో వారం నుంచే కొద్దికొద్దిగా దూడ దాణా, లేత పచ్చిగడ్డి అలవాటు చేస్తాం. మొత్తం 180 లీటర్లు. ఈతలో వచ్చే పాలలో పదో వంతు. తల్లి పాలలో బిడ్డ వాటా పదో వంతు అంటే ఎక్కువ అనగలమా? నాలుగు చన్నుల్లో ఒకటి దూడకు వదిలే ఇళ్లు ఉండేవి, ఆ లెక్కన నేను అడుగుతున్నది తక్కువే.

పైగా ఆ పదో వంతు ఊరికే పోదు. గేదె పొదుగులో పాలు చాలావరకు లోపలి చిన్న చిన్న సంచుల్లోనే ఉండిపోతాయి, చన్నుల పైనున్న ఖాళీలోకి దిగేది చాలా తక్కువ. అందుకే ఆవు కంటే గేదెకు చేపు ముఖ్యం. దూడ బతికి, ఆరోగ్యంగా ఉండి కుమ్మితే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది, సంచులు ముడుచుకుంటాయి, పాలు దిగుతాయి. దూడ చచ్చిపోయిన గేదెల్లో కొన్ని మొండికేస్తాయి. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి, అది నాకుతుంటే పాలు పిండుకోవడం ఇందుకే వచ్చింది. ఆ దృశ్యం చూసినవారికి మరిచిపోవడం కష్టం. ఆ తరువాతి మెట్టు సూదిమందు. అంటే దూడను పస్తు పెట్టిన ఇంట్లోకే సూది వస్తుంది. ఈ రెండూ వేరు వేరు తప్పులు కావు, ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తాయి.

సూదిమందు గురించి ఖచ్చితంగా చెబుతున్నాను, వద్దు. ఆక్సిటోసిన్ డాక్టరు చేతిలో మంచి మందు. ఈనడం కష్టమైనప్పుడు, గర్భసంచి ముడుచుకోనప్పుడు నేనూ వాడాను. పూట పూటకీ పాలు దించడానికి వాడటం వేరు. రోజుకు రెండుసార్లు సూది పొడిస్తే ఆ చోట కండ గట్టిపడి గడ్డలు కడతాయి. కొన్నాళ్లకు గేదె సూది లేకుండా చేపడమే మానేస్తుంది. చాటుగా అమ్మే సీసాల్లో మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు, ఒకే సూదిని కొట్టంలోని పశువులన్నిటికీ వాడతారు. దీన్ని అరికట్టాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చింది. బాలింతల రక్తస్రావం ఆపడానికి ఆ మందు ప్రాణాధారం కాబట్టి కొరత వస్తుందన్న వాదన మీద ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టేసింది. మందును నిషేధించడం కంటే దాన్ని పాడికొట్టాల్లోకి చేరవేసే దారులను మూయడమే సరైన పని అని నా అభిప్రాయం.

ఇక్కడే ఒక ప్రచారం గురించి చెప్పాలి. ఆక్సిటోసిన్ వేసిన గేదె పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవుతారని చాలామంది నమ్ముతారు. ఆ హార్మోను ప్రోటీన్ జాతికి చెందింది, కడుపులో జీర్ణమైపోతుంది. ఆ భయానికి ఆధారం లేదు. ఇది చెప్పవద్దనీ, ఆ భయంతోనైనా జనం సూది మానేస్తారనీ నాతో అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. హింస గేదెకు జరుగుతోంది. మన పిల్లలకు హాని లేదని తేలితే ఆ హింస తప్పు కాకుండా పోతుందా?

ఈ బాధ కొత్తదీ కాదు. సూదులు రాకముందు కలకత్తా పాలవాళ్లు 'ఫూకా' అనే పని చేసేవారు. ఆవు యోనిలోకి గొట్టంతో గాలి ఊది పాలు దింపేవారు. గాంధీజీ 1912లో పాలు మానేయడం వెనక ఈ సంగతి తెలియడం కూడా ఒక కారణం. తరువాత తీవ్ర అనారోగ్యంలో కస్తూరిబా మాట మీద మేకపాలకు ఒప్పుకున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 12వ సెక్షన్ ఫూకానూ, పాలు పెంచడానికి పశువు ఆరోగ్యానికి హాని చేసే ఏ ఇంజెక్షన్‌నైనా నిషేధించింది. రెండేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, పశువును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం కూడా ఉంది.

అదే చట్టం ఆకలి గురించి ఏమంటుందో విడిగా అడిగారు. మూడో సెక్షన్ ప్రకారం పశువు ఎవరి అధీనంలో ఉందో వారు దాని బాగోగులు చూడాలి. పదకొండో సెక్షన్ ప్రకారం తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వని యజమానీ, ఆకలితో అలమటించేలా పశువును వదిలేసినవారూ నేరస్తులే. శిక్ష మాత్రం మొదటిసారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. 1953లో రాజ్యసభలో సభ్యురాలు, నర్తకి రుక్మిణీదేవి అరండేల్ ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబట్టడం వల్ల వచ్చిన చట్టమిది. ఆ రోజుల్లో 50 రూపాయలు చిన్న మొత్తం కాదు, ఇప్పుడది ఒక లీటరు గేదెపాల ధర కూడా కాదు. పెంపుడు పశువులకు ఉండాల్సినవిగా 1979లో బ్రిటన్‌లో సూత్రీకరించిన ఐదు స్వేచ్ఛలను మన సుప్రీంకోర్టు 2014 నాటి జల్లికట్టు తీర్పులో ప్రస్తావించింది. వాటిలో మొదటిదే ఆకలిదప్పులు లేకుండా బతకడం. అయినా దూడ పస్తు మీద కేసు పెట్టినవారు నా ఎరుకలో ఒక్కరూ లేరు. చట్టం మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లోనే మాట్లాడుకోండి.

ఇంకొన్ని సంగతులు నాన్నగారికి చెప్పండి. పాలు చాలకపోవడం ఒక్కటే దూడలను చంపడం లేదు, మంచి ఉద్దేశంతో చేసే పొరపాట్లు కూడా చంపుతున్నాయి. మాయ పడేదాకా దూడను తాగనివ్వకూడదని చాలా ఊళ్లలో నమ్ముతారు. నిజానికి దూడ చీకితే విడుదలయ్యే ఆక్సిటోసినే మాయ పడటానికి తోడ్పడుతుంది. మనుషుల్లో కడుపులో ఉండగానే బిడ్డకు రోగనిరోధక శక్తి చేరుతుంది, గేదెల్లో అలా చేరదు, జున్నుపాలతోనే చేరాలి. దూడ పేగు ఆ రక్షక పదార్థాలను చెక్కుచెదరకుండా పీల్చుకునేది పుట్టిన మొదటి రోజు మాత్రమే, గంట గంటకూ ఆ శక్తి తగ్గిపోతుంది. గంట రెండు గంటల్లో మొదటి తాగుడు పడాలి. ఇరుగుపొరుగుకు జున్ను పంచడం చక్కని ఆచారం, మొదటి రోజు పాలు మాత్రం దూడవి. దూడ తాగి మిగిలినదే పంచాలి.

రెండోది నట్టలు, అంటే కడుపులో పురుగులు. గేదె దూడలను ఎక్కువగా పొట్టన పెట్టుకునే ఏలికపాములు తల్లి పాలలోంచే వస్తాయి. తల్లి ఒంట్లో నిద్రాణంగా ఉన్న పురుగు పిల్లలు ఈనాక పాలలోకి దిగుతాయి. రెండు మూడు వారాల దూడ బూడిదరంగు బంకమట్టిలా, కుళ్లు వాసనతో పారుకుంటుంది. "పాలు ఎక్కువై పారుతోంది" అని ఉన్న పాలు కూడా తగ్గించేస్తారు. లోపల పురుగులు, బయట పస్తు, ఇక దూడ ఎలా నిలుస్తుంది? పది పదిహేను రోజుల వయసులో పైపరజీన్ వంటి చవకైన మందు ఒక మోతాదు పట్టిస్తే చాలా ప్రాణాలు దక్కుతాయి. నేను గడపగడపకూ తిరిగి చెప్పిన మాట ఏదైనా ఉంటే ఇదే.

ముసలి గేదె సంగతి. గోశాలల్లో చాలావరకు ఆవులకే చోటు, గేదెను తీసుకునేవి తక్కువ. తీసుకున్నా, అక్కడ మేత ఉందో లేదో మీరు స్వయంగా వెళ్లి చూడాలి. వేళ కాని వేళ వెళ్లండి. తొట్లు చూడండి, పశువుల తుంటి ఎముకలు చూడండి. బాగా నడిచేవి ఉన్నాయి, వాటికి నమస్కారం పెడతాను. కిక్కిరిసి, ఎండుగడ్డి కూడా చాలక పశువులు కూలబడే చోట్లూ చూశాను. అలాంటి చోట గేటు ముందు వదిలి దండం పెట్టి వచ్చేస్తే మన కళ్లకు కనిపించదు, అంతే. పట్నంలో రోడ్ల మీదకు వదిలేయడం మరీ ఘోరం. అలాంటి పశువుల పొట్ట కోసినప్పుడు ప్లాస్టిక్ సంచులు, తాళ్లు, మేకులు ఒకదానికొకటి పెనవేసుకుని ముద్దగా చేతికి వస్తాయి. పొట్ట నిండుగా ఉండి ఆకలితో చచ్చే పశువులవి.

అమ్మడం గురించి నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1977 చట్టం ప్రకారం గోవధ నిషిద్ధం, గేదెల విషయంలో వట్టిపోయిందనీ, పనికి రాదనీ పశువైద్యుడు ధ్రువీకరించాలి. అధీకృత కబేళాలో, తక్కువ బాధతో, త్వరగా ముగిసే చావు కంటే మూడు నెలల పస్తు పెద్ద పాపమని నేను నమ్ముతాను. తన చేత్తో పెంచినదాన్ని అలా పంపలేను అనే వారిని గౌరవిస్తాను, అయితే వారు చివరిదాకా మేపాలి. చంపడానికి మనసొప్పదు, మేపడానికి డబ్బొప్పదు అంటే ఆ తేడా అంతా పశువే భరిస్తుంది. అమ్మితే కొనేవాడు ఎలా తీసుకెళ్తాడో అడగండి. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లారీలో ఒక్కో గేదెకు 2 చదరపు మీటర్ల చోటు, మధ్యలో అడ్డుగోడలు ఉండాలి. ఒకదాని మీద ఒకటి కుక్కి, పడిపోయినవాటిని తోక విరిచి లేపే బేరగాడికి వెయ్యి రూపాయలు తక్కువైనా ఇవ్వకండి. ఆ వెయ్యి గేదె మీకు ఇన్నేళ్లు పోసిన పాలలో ఎంత?

పాలు మానేయాలా అన్నది మీ మనసు తేల్చుకోవాల్సిన విషయం. మానేసినవారిని నేను తప్పు పట్టను. కానీ మీరు హైదరాబాదులో కాఫీ మానేస్తే ఊళ్లో ఆ దూడకు ఒక్క చుక్క అదనంగా దక్కదు. మీ చేతిలో ఉన్నది మరొకటి ఉంది. ఇంటికి పంపే డబ్బుకు దూడ పాల ఖర్చు కలిపి పంపండి. "ఈ మూడు నెలలూ దాని వాటా పాలు నేను కొంటున్నాను నాన్నా" అని చెప్పండి. పెద్దాయనను తప్పు పట్టినట్టు కాకుండా, భారం పంచుకున్నట్టు ఉంటుంది. వచ్చేసారి గేదె ఎదకు వచ్చినప్పుడు లింగ నిర్ధారిత వీర్యం దొరుకుతుందేమో పశువైద్యశాలలో అడగండి. దానితో పుట్టేవాటిలో దాదాపు 90 శాతం పెయ్యదూడలే. చూలు నిలిచే అవకాశం మామూలు వీర్యం కంటే కొంత తక్కువ కాబట్టి వరుసగా బాగా చూలు కట్టే గేదెకే వేయించాలి. ఎండబెట్టడానికి దూడను పుట్టించడం కంటే పుట్టించకపోవడం ఎంతో మేలు.

ఇప్పుడున్న దూడకు వెంటనే చేయాల్సినవి. పేడ కొంచెం పొట్లం కట్టి పశువైద్యశాలలో పరీక్ష చేయించి నట్టల మందు పట్టించండి. పాలు ఒక్కసారిగా పెంచవద్దు. చిక్కిన దూడకు ఒకే పూట కడుపునిండా తాగిస్తే పారుకుంటుంది. ఉన్నదానికి రోజుకు అర లీటరు చొప్పున పెంచుతూ, మూడు నాలుగు విడతలుగా తాగించి, వారంలో 3 లీటర్లకు తీసుకురండి. తాగాక మూతి తుడవాలి, పొడి గోనెపట్టా మీద పడుకోబెట్టాలి. చెవులు చల్లబడినా, లేచి నిలబడలేకపోయినా తెల్లారేదాకా ఆగకుండా 1962కు ఫోను చేయమనండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి అదే నంబరు. ఆ వాహనం రాత్రి దొరకకపోతే స్థానిక డాక్టరుకైనా కబురు పెట్టాలి. వారం తరువాత దూడ ఎలా ఉందో రాయండి, పేడ ఏ రంగులో ఉందో కూడా.